అవ్వ భవ్యకు నేర్పిన పాట

రమ పాడేది, భవ్య గిటార్ వాయించేది. ఆరేళ్లపాటు ఈ పంపకం మీద ఇద్దరి మధ్యా పేచీ రాలేదు.

రమ తండ్రి ఆగయ్య గోదావరిఖనిలో భూగర్భ గని కార్మికుడు. ఎనిమిదో ఇంక్లైన్ గని కాలనీలో రెండు గదుల కంపెనీ క్వార్టర్ వాళ్లది. భవ్య తండ్రి శ్రీనివాసరావు తెనాలి నుంచి కరెంటు ప్లాంటులో ఉద్యోగం మీద వచ్చిన ఇంజనీరు. వాళ్లుండేది జ్యోతినగర్‌లో, ప్లాంటు క్వార్టర్లలో. ఇంటర్‌లో ఇద్దరమ్మాయిలదీ ఒకే బెంచీ. వీడుకోలు సభ రోజు మైకు మొరాయిస్తే, రమ మైకు లేకుండానే ఒక నాట్ల పాట ఎత్తుకుంది. "మోకాటి నీళ్లల్ల మొగులు దిగిందే, మునివేళ్ల సందుల ముత్యాలు మెరిసెనే" అని ఆమె గొంతు ఖంగుమని చివరి వరుస దాకా వెళ్లింది. మర్నాడు భవ్య గిటార్ భుజాన వేసుకుని స్కూటీ మీద ఎనిమిదో ఇంక్లైన్‌కు వచ్చింది.

"నువ్వు పాడు. నేను నీ వెనకాల వస్తాను," అంది.

పాటలన్నీ రమ నాయనమ్మ సారవ్వవి. సారవ్వ పుట్టి పెరిగిన ఊరు కమాన్‌పూర్ దగ్గర ఉండేది. ఓపెన్‌కాస్ట్ గని కోసం ఊరు ఖాళీ చేశాక ఆమె కొడుకు దగ్గరికి వచ్చింది. నాట్ల పాటలు, కలుపు పాటలు, పెళ్లిపాటలు ఎన్ని వచ్చో ఆమెకే తెలియదు. పాట అల్లడాన్ని ఆమె 'కైగట్టుడు' అనేది. ఆ మాట భవ్యకు తెగ నచ్చింది. తమ జంటకు 'కైగట్టు' అని పేరు పెట్టింది.

మొదటి వీడియో క్వార్టర్ డాబా మీద తీశారు. వెనక తీగ మీద ఆగయ్య డ్యూటీ బట్టలు ఆరుతూ కనిపిస్తాయి. దాన్ని నాలుగు వేల మంది చూశారు. తర్వాతి దాన్ని లక్ష మంది చూశారు. కరీంనగర్, వరంగల్ కాలేజీలవాళ్లు పిలిచారు. హైదరాబాద్‌లో ఒక కాఫీ హోటల్లో పాడితే, కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. అందరూ ఒకటే మాట అనేవారు: ఆ గొంతు ఎక్కడిదమ్మా అని.

రమ లక్ష్మీనగర్‌లో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్. రక్తం ఇవ్వడానికి వచ్చిన ముసలివాళ్లు ఆమెను గుర్తుపట్టి, "ఒక పాటన్న పాడు బిడ్డా, సూది నొప్పి తెల్వకుంట ఉంటది," అనేవారు. రమ నవ్వి ఒక చరణం పాడేది. భవ్య ఇంట్లోంచే హైదరాబాద్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేస్తూ, మిగిలిన టైమంతా పాటలకు పెట్టేది. పాట వరుసకు గిటార్ తీగలు కూర్చడం, రికార్డు చేయడం, వీడియో కత్తిరించడం, కార్యక్రమాలు మాట్లాడటం అన్నీ ఆమే. బజార్లో భవ్యను ఎవరూ గుర్తుపట్టేవారు కాదు. అది రమకు వింతగా అనిపించేది కాదు. పాట పాడేవాళ్లదే కదా.

సారవ్వ దగ్గర ఎవరికీ చెప్పని పాట ఒకటుంది. బియ్యం ఏరుతున్నప్పుడు దాన్ని లోలోపలే కూనిరాగం తీసేది. దగ్గరికి ఎవరైనా వస్తే ఆపేసేది. రమ రెండుసార్లు ఫోను పట్టుకుని వెళ్లి అడిగింది. "అది పాట గాదు పోయే," అని సారవ్వ కసిరింది. దాంతో రమ ఊరుకుంది.

ఒక ఆదివారం రమ మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగి ఇంటికి వచ్చింది. గడప బయట చెప్పులు విడుస్తుంటే లోపలి నుంచి పాట వినిపించింది. వంటింట్లో నేల మీద సారవ్వ, భవ్య ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో చిక్కుడుకాయల చాట. భవ్య కాయలు గిల్లుతూ పాడుతోంది.

"ఉయ్యాల లేదు బిడ్డా, నా కొంగే ఉయ్యాల
ఇసుక తట్ట దించినంక నీ కాడికే నేనొస్త
పొద్దు గూకినంక వస్త, కండ్లు మూసుకో..."

"కొస కాడ లాగకు," అంది సారవ్వ. "ఊపిరి ఒడిసినట్టు ఇడిచిపెట్టు. అగో, గట్ల."

రమ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఇరవై నాలుగేళ్లుగా ఈ ఇంట్లో ఉన్నది తను. ఆ ముసలామె వీపు మీద ఎక్కి పెరిగింది తను. లోపల ఆ చాటను విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది. పైకి మాత్రం, "ఎప్పుడొచ్చినవ్ భవ్యా?" అని మామూలుగా అడిగింది.

భవ్య వెళ్లిపోయాక సారవ్వను నిలదీసింది. "నేనడిగితే పాటే గాదన్నవ్. దానికెట్ల నేర్పినవ్?"

సారవ్వ తొక్కలు ఊడుస్తూ తలెత్తలేదు. "నువ్వు పాట అడుగుతవ్. ఫోను ముంగట పెట్టి, జల్ది పాడవ్వా డ్యూటీ ఉందంటవ్. ఆ పిల్ల పాట అడగలే. ఏమైందవ్వా, గా రాగం తీసినప్పుడల్ల నీ మొకం గట్లెందుకైతది అని అడిగింది. చెప్పిన. చెప్పినంక పాట అదే వచ్చింది."

"ఏం చెప్పినవ్?"

"అయిపోయింది తియ్యి. నీకెందుకు గిప్పుడు."

ఆ సాయంత్రం రమ అన్నం సగంలో వదిలేసింది.

భవ్య మనసులో దొంగతనం లేదు. మర్నాడే ఫోన్ చేసి, "అవ్వ పాట నువ్వే పాడాలి రమా. నీకోసమే నేర్చుకున్నాను," అంది. ఇద్దరూ జ్యోతినగర్‌లో భవ్య గదిలో రికార్డింగుకు కూర్చున్నారు. రమ పాడింది. నాట్ల పాటకు పొలమంతా వినపడే ఆ గొంతు, ఈ చిన్న పాటలో ఇమడలేదు. ఆరుసార్లు పాడింది. ప్రతిసారీ భవ్య తల ఊపి, "బావుంది, ఇంకోసారి చూద్దామా?" అనేది. ఏడోసారి రమ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వే పాడరాదా మరి."

"నేనా? నాకు గొంతెక్కడుంది?"

"పాడు. నేను కంజీర పట్టి తాళం వేస్తా."

భవ్య పాడితే తేలిపోతుందని, అప్పుడు అవ్వకూ భవ్యకూ కూడా తెలిసొస్తుందని రమ అనుకుంది. భవ్య కళ్లు మూసుకుని, పక్కన పడుకున్నవాళ్లకు చెబుతున్నట్టు మెల్లగా పాడింది. ఒక్కసారికే సరిపోయింది. పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న భవ్య తల్లి నాగేశ్వరి వచ్చి గుమ్మంలో నిలబడి, పమిటతో కళ్లు తుడుచుకుంది.

వారం తిరిగేసరికి ఆ పాట అంతకుముందు పాటలన్నింటినీ దాటిపోయింది. తల్లులు పిల్లల్ని ఒళ్లో వేసుకుని ఆ పాటకు వీడియోలు చేశారు. దుబాయిలో పనిచేసేవాళ్లు, సూరత్ మగ్గాల మీద ఉన్నవాళ్లు కామెంట్లు రాశారు. రమ వాటిని ఒక్కొక్కటే చదివేది. తన పేరు కోసం వెతికేది. నాలుగు వందల కామెంట్లలో ఒక్కచోట కనిపించింది: 'పక్కన కంజీర వాయించే అక్క కూడా మంచిగ వాయించింది.'

ల్యాబ్‌లో సదయ్య అనే రిటైర్డ్ కార్మికుడు చెయ్యి చాపి, ఆమె ముఖం పరీక్షగా చూశాడు. "నువ్వు ఆ గిటార్ పిల్ల పక్కపొంటి కూసుంటవు గద బిడ్డా?"

"అవును కాకా."

"ఏం పాడిందే ఆ పిల్ల. మా ముసల్ది రోజు ఏడుస్తది ఇని."

రమ సూది గుచ్చింది. మొదటిసారి నరం దొరకలేదు. ఇన్నేళ్లలో ఆమెకు అట్లా జరగలేదు.

అప్పటినుంచి ఆమెకు భవ్యలో నచ్చనివే కనిపించసాగాయి. భవ్య 'గట్లనా' అంటే వెక్కిరింపులా వినిపించేది. సారవ్వకు భవ్య తెచ్చే అరటిపళ్లు గొప్పలకు తెచ్చినట్టుండేవి. 'అవ్వా' అని పిలిచినప్పుడల్లా, నీ అవ్వ తెనాలిలో ఉంది కదా అని నాలుక చివరిదాకా వచ్చేది. బెంగళూరులో పెద్ద జానపద ఉత్సవానికి 'కైగట్టు'ను పిలిచారు. వాళ్లు పంపిన పోస్టర్‌లో భవ్య ముఖం నిండుగా ఉంది. రమ ఆమె భుజం వెనక, సగం నీడలో ఉంది. పోస్టర్ మార్చమని భవ్య వెంటనే వాళ్లకు రాసింది. అది కూడా రమకు జాలి పడినట్టే తోచింది.

మరుసటి రోజు భోజన విరామంలో, ల్యాబ్ వెనక గదిలో టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని, రమ ఫోన్‌లో కొత్త ఖాతా తెరిచింది. 'ఖని బిడ్డ' అని పేరు పెట్టింది. పాట కింద ఇలా రాసింది: 'మా అవ్వలు తట్టలు మోసి కట్టుకున్న పాట జ్యోతినగర్ ఏసీ గదులకు ఎట్ల పోయింది? పాడెటందుకు మనోల్లకు గొంతులు లేవా? ఇన్నేండ్లు అన్నీ తీస్కపోయిన్రు, గిప్పుడు పాట గూడ తీస్కపోతున్రు.'

డబ్బా మూత పెట్టి పనిలోకి వెళ్లింది. సాయంత్రానికి ఆ మాటను మూడు వందల మంది మెచ్చుకున్నారు. రమకు చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

మూడో రోజుకు అది ఆమె చేతుల్లో లేదు. కరీంనగర్ నుంచి ఒకడు ఆ కామెంట్ చదివి పావుగంట వీడియో చేశాడు. భవ్య యాసను వెక్కిరిస్తూ ఇంకొకడు చేశాడు. భవ్య ఇంటిపేరు, తండ్రి ఉద్యోగం బయటికి లాగారు. వాళ్ల క్వార్టర్ ఫొటో కూడా ఎవరో పెట్టారు. అవతలివైపు నుంచి కోస్తావాళ్లు కొందరు దిగి, సారవ్వ లాంటి ముసలివాళ్లనూ వాళ్ల భాషనూ తిట్టారు. శ్రీనివాసరావు ప్లాంటు క్యాంటీన్‌కు వెళ్లడం మానేశాడు. ముప్పై ఏళ్లుగా కలిసి టీ తాగినవాళ్లే నవ్వుతూ, "ఏం సార్, మీ అమ్మాయి మా పాట ఎప్పుడు వాపస్ ఇస్తది?" అంటున్నారు.

భవ్య రమ ఇంటికి వచ్చింది. డాబా మీద ఇద్దరే కూర్చున్నారు. భవ్య ముఖం వాడిపోయి ఉంది.

"నేను పుట్టింది ఇక్కడే రమా. తెనాలి వెళ్తే అక్కడ నన్ను తెలంగాణ పిల్ల అంటారు. నేను నిజంగానే తప్పు చేశానా?"

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. మాట గొంతులోకి వచ్చింది కూడా. కాని భవ్య అలా చిన్నదై కూర్చుని ఉండటం చూస్తుంటే రమలో ఏదో తీపిగా కదిలింది.

"ఏం లేనిది గంతమంది ఊకెనే అంటరా భవ్యా," అంది. "నేనైతే నిన్ను ఏమనను. కానీ వాల్లకు బాధ ఉంటది గద."

భవ్య తల వంచుకుని వెళ్లిపోయింది. మర్నాడు పాటను తీసేసింది. బెంగళూరు వాళ్లకు, తాను రావడం లేదని, రమ ఒక్కతే వస్తుందని రాసి, ఆ సంగతి రమకు ఒక్క వాక్యంలో తెలియజేసింది.

అనుకున్నదంతా చేతికి వచ్చింది. ఆదివారం రమ చాట ముందేసుకుని సారవ్వ ఎదురుగా కూర్చుంది. "అవ్వా, గా పాట నాకు నేర్పు. బెంగుళూర్ల నేనే పాడాలె."

సారవ్వకు జరిగినదంతా పక్కింటి పోశవ్వ చెప్పింది. ఆమె చాట పక్కకు జరిపింది.

"ఆ పిల్ల పాట దొంగతనం చేసిందట గద. ఎవరిదట పాట?"

"నీది. మనది."

"నాది గాదు," అంది సారవ్వ. "మాటలు నాయి. ఆ రాగం వరుస నాది గాదు."

తర్వాత ఆమె చెప్పింది. జ్యోతినగర్‌లో కరెంటు ప్లాంటు కట్టేటప్పుడు సారవ్వ ఇసుక తట్టలు మోసింది. అప్పటికి ఆగయ్య పుట్టలేదు. తొలిచూలు ఆడపిల్ల, ఐదు నెలలది, తడక నీడలో చీరకొంగు ఉయ్యాలలో పడుకునేది. ఎండాకాలంలో జ్వరం వచ్చింది. మేస్త్రీ సగం పూటకు వదల్లేదు. పొద్దుగూకి తట్ట దించి వెళ్లేసరికి పిల్లలో ఊపిరి లేదు.

"పది దినాలు నేను మాట్లాడలే. శ్రీకాకుళం దిక్కు నుంచి పనికొచ్చిన అప్పలమ్మ అని ఒకామె ఉండె. ఆమె మాట నాకు సగం సమజ్ కాకపోయేది. రోజు నా తల ఒళ్లె పెట్టుకొని ఒక జోలపాట పాడేది. గా వరుస ఆమెది. ఆమె ఎల్లిపోయినంక నేను దాని మీద నా మాటలు కైగట్టుకున్న. మీ తాతకు తెల్సు, మీ నాయినకు తెల్సు. గంతే."

తండ్రికి ఒక అక్క ఉండేదని రమకు ఇప్పుడే తెలిసింది.

"భవ్యకు చెప్పినవా ఇదంత?"

"చెప్పిన. పాడితే పాడుకో, నా పిల్ల సంగతి మాత్రం బజార్ల పెట్టకు అని ఒట్టేయించుకున్న."

రమకు అప్పుడు అర్థమైంది. ఆ వరుస శ్రీకాకుళం ఆమెదని ఒక్క ముక్క రాస్తే భవ్య నోళ్లన్నీ మూయించగలిగేది. అప్పలమ్మ ఎవరు, ఎందుకు పాడింది అని జనం తవ్వుతారని రాయలేదు. వాళ్ల నాన్న క్యాంటీన్‌కు వెళ్లడం మానేసినా రాయలేదు. తానైతే రాసేసి ఉండేదని రమకు తెలుసు. అది తెలియగానే సిగ్గుతో పాటు, ఇంకోసారి, మరింత లోతుగా మంట లేచింది. గొంతు విషయంలోనే కాదు, మనిషిగా కూడా భవ్య తనను దాటిపోయింది.

"ఆ ఖని బిడ్డ ఎవరో పట్టుకోవాలెనట మీ నాయిన," అంది సారవ్వ, చాట దగ్గరికి లాక్కుంటూ.

రమ లేచి నిలబడింది. "నేనే అవ్వా."

సారవ్వ చేతులు ఆగాయి. తిట్టలేదు. "నాకు చెప్తే ఏమొస్తది," అంది. "పో."

జ్యోతినగర్‌లో తలుపు తీసింది నాగేశ్వరి. ఎప్పటిలాగే, "రా అమ్మా, కాఫీ కలపనా?" అంది. ఆ పిలుపే రమకు మోయలేనంత బరువైంది. భవ్య గదిలోకి వెళ్లి, కూర్చోకుండానే చెప్పేసింది.

భవ్య వెంటనే నమ్మలేదు. రమ ఫోన్ తెరిచి ఖాతా చూపించింది. భవ్య ఆ అక్షరాలు చదివి, మళ్లీ చదివింది.

"డాబా మీద నేను అడిగినప్పుడు కూడా నీకు తెలుసు. నువ్వే రాశావని తెలిసి, నాతో అలా అన్నావు."

"అవును."

"ఎందుకు?"

దారి పొడవునా అనుకున్న సంజాయిషీలు ఒక్కటీ పనికి రాలేదు. "నాకు ఓర్వబుద్ధి కాలే," అంది రమ. "అవ్వ నీకు చెప్పింది, నాకు చెప్పలే. అందరు నిన్నే చూసిన్రు. నా కండ్లల్ల నిప్పులు పోసుకున్నట్టు ఉండె."

"ఆరేళ్లు అందరూ నిన్నే చూశారు రమా. నాకూ కళ్లున్నాయి." భవ్య గొంతు పెంచలేదు. "ఇంక వెళ్లు."

ఆ సాయంత్రమే రమ 'కైగట్టు' ఛానల్లో ఒక వీడియో పెట్టింది. ముఖం చూపిస్తూ, తన పేరు, ఊరు చెప్పి, మొదటి కామెంట్ తానే రాశానని, ఓర్వలేక రాశానని, పాట సారవ్వ ఇష్టపడి నేర్పిందని చెప్పింది. సారవ్వ కథ చెప్పలేదు. తిట్లు ఈసారి ఆమె మీదికి మళ్లాయి. అమ్ముడుపోయావని కొందరు, పాము అని కొందరు రాశారు. ల్యాబ్ యజమాని కొన్నాళ్లు ముందు కౌంటర్లో కూర్చోవద్దన్నాడు. ఆగయ్య రెండు షిఫ్టుల పాటు కూతురితో మాట్లాడలేదు. మూడో రోజు డ్యూటీకి పోతూ జ్యోతినగర్ వెళ్లి, శ్రీనివాసరావు చేతులు పట్టుకుని మాట్లాడి వచ్చాడు. ఏమన్నాడో ఎవరికీ చెప్పలేదు.

రమ బెంగళూరు వెళ్లనంది. భవ్య వెళ్లింది. ఒక్కతే గిటార్‌తో, తాను కొత్తగా కట్టుకున్న పాటలు మూడు పాడింది. సారవ్వ పాట పాడలేదు. రమ ఇంట్లో కూర్చుని ఫోన్‌లో అంతా చూసింది. రెండో పాటలో భవ్య శ్రుతి కొంచెం తప్పింది. రమకు ఒక్క క్షణం సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని ఆమె గుర్తుపట్టింది. ఫోన్ పక్కన పడేయకుండా చివరిదాకా చూసింది.

భవ్య సారవ్వ దగ్గరికి రావడం మానలేదు. రమ డ్యూటీలో ఉండే వేళ చూసుకుని వచ్చేది. అది తెలిసి, రమ ఆదివారాలు తోటి ఉద్యోగి హర్షిణి డ్యూటీ కూడా తనే తీసుకుంది. ఇల్లు ఖాళీగా ఉంటే వాళ్లిద్దరూ నిమ్మళంగా కూర్చుంటారని. సారవ్వ నవ్వులు తనకు వినపడని చోట ఎట్లా ఉంటాయో ఊహించుకుంటూ రక్తపు సీసాల మీద పేర్లు రాసేది. తేలికగా ఏమీ లేదు.

ఎనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, భవ్య ల్యాబ్‌కే వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"గోలేటిలో మహిళా సంఘంవాళ్లు అడుగుతున్నారు. ఇద్దరూ రావాలట. అవ్వ పాట కావాలట. అవ్వ సరేనంది."

"నేను కంజీర పడతా," అంది రమ.

"నీ నాట్ల పాటలు నాలుగు నువ్వు పాడతావు. అవ్వ పాట నేను పాడతాను. నేను నిన్ను క్షమించానని అనుకోకు. ఇంకా నిద్రలో ఆ కామెంట్ కనిపిస్తుంది. కాని ఒక్కదాన్నే పాడితే నా పక్కన ఖాళీగా ఉంటోంది. అది కూడా నిజమే."

గోలేటి కాలనీ హాల్లో సాయంత్రం నాలుగింటికి కార్యక్రమం. కార్మికుల భార్యలు, టీచరమ్మలు, నర్సులు, రెండు వందల మంది. రమ నాట్ల పాటలకు వాళ్లు లేచి చప్పట్లు వేస్తూ వలయం కట్టారు. ఆఖరున భవ్య సారవ్వ పాట ఎత్తుకుంది. చప్పట్లు లేవు. ముందు వరుసలో ఒకామె చేతుల్లో ముఖం దాచుకుంది. రమ కంజీర మీద వేళ్లతో మాత్రమే, వినపడీ వినపడనట్టు తాళం వేసింది. పాట అయ్యాక ఆడవాళ్లంతా భవ్య చుట్టూ మూగారు. రమ వేదిక చివర వైర్లు చుట్టుకుంటూ కూర్చుంది.

తిరుగు దారిలో భవ్య కారు నడుపుతోంది. మందమర్రి దాటారు.

"భవ్యా," అంది రమ. "ఇయ్యాల గూడ మండింది నాకు."

భవ్య రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ఎప్పుడు?"

"అందరు నీ దగ్గరికి ఉరికొచ్చినప్పుడు."

"నాకు నీ మొదటి పాటప్పుడు మండింది," అంది భవ్య. "వాళ్లు లేచి ఆడారు చూడు, అప్పుడు."

ఎదురుగా బొగ్గు లారీ వస్తుంటే భవ్య కారును పక్కకు తీసి నిదానించింది. దుమ్ము తగ్గాక మళ్లీ వేగం అందుకుంది. కాసేపటికి రమ తన వైపు అద్దం దించి, వచ్చే నెల మంచిర్యాలలో ఏ పాటతో మొదలుపెడదామని అడిగింది.